కుప్పకొక కొసరు

రెండో తరగతికి గుణకారం మొదలుపెట్టిన రోజు బోర్డు మీద నాలుగు సున్నాలు చుట్టి, అవి పళ్ల కుప్పలనుకోమన్నాను. "కుప్పకు ఐదు పళ్లు. మొత్తం ఎన్ని?" ముందు వరసలో కూర్చునే పిల్ల చెయ్యెత్తి, "ఇరవై నాలుగు" అంది. మూడు కుప్పలైతే? "పద్దెనిమిది."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఏ లోకంలో ఉండావే?" అన్నాను. తరగతంతా గొల్లుమంది. ఆ పిల్ల పలక బోర్లించి కూర్చుంది. మరుసటి రోజు బడికి రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు.

అప్పుడు గానీ నాకు అనుమానం రాలేదు. నోటికొచ్చింది చెప్పేవాళ్ల తప్పు పూటకో రకంగా ఉంటుంది. ఈ పిల్ల రెండుసార్లూ కుప్పకు సరిగ్గా ఒకటే ఎక్కువ చెప్పింది. ఎందుకు? బడికి తాళం వేస్తున్నా అదే ఆలోచన, బస్సు కోసం నడుస్తున్నా అదే.

ఓర్వకల్లు బస్టాపు దగ్గర ఆ పిల్ల అవ్వ సీతాఫలాలు అమ్ముతుంది. ఆరోజు పక్కన మనవరాలూ ఉంది. రెండు కుప్పలు ఇమ్మన్నాను. అవ్వ నా సంచిలో ఐదు వేసింది, పిల్ల పైన ఓ చిన్న కాయ పెట్టింది. మళ్లీ ఐదు, మళ్లీ ఒకటి.

"ఇదేమిటవ్వా?"

"కొసరమ్మా. కుప్పకొకటి ఏయకుంటే మళ్ళా ఎవురొస్తారు?"

ఆరేళ్లుగా ఆమె దగ్గరే కొంటున్నాను, ఆ కొసరు తింటూనే ఉన్నాను. శానా సిగ్గేసింది. "తప్పు నాదేలే, రేపు రామ్మా" అన్నాను. పిల్ల తలెత్తలేదు.

కానీ వచ్చింది. నాపరాళ్ల నేల మీద చింతగింజలు పోసి, మీ అవ్వ కుప్పల్ని వరసలుగా పేర్చమన్నాను. వరసకు ఐదు, పక్కన కాస్త ఎడంగా ఒకటి. అట్లా నాలుగు వరసలు.

"కొసర్లు ఎన్ని?"

పైనుంచి కిందికి వేలు జరిపింది. "నాలుగు."

"అవి తీసేస్తే?"

నాలుగూ ఏరి గుప్పిట్లో పెట్టుకుంది. మిగతావి ముట్టుకోకుండానే, "ఐదు, పది, పదైదు, ఇరవై" అంది. మొన్న నవ్వినవాళ్లంతా వంగి చూస్తున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ పిల్ల గుప్పిట మాత్రం విప్పలేదు. "బడి లెక్కలో కొసరు ల్యాదా మేడం?"

"లేదమ్మా."

"మరి మళ్ళా ఎవురొస్తారు?"

అడిగింది రెండు రోజులు బడికి రాని పిల్ల.