బాలయేసుకి కుట్టిన చొక్కా

ఆ రోజుల్లో మా ప్రత్తిపాడు వైపు ఆడపిల్లకి పదిహేడేళ్ళొచ్చాయంటే పత్తి తీయడం, మిరపకాయలు కోయడం, నోరు పెట్టుకుని బతకడం, ఈ మూడూ వచ్చి తీరాలి. నాకు మూడూ వచ్చు, మూడోది మరీ బాగా వచ్చు. రానిది కుట్టుపని. అయినా ఎవరన్నా "వచ్చా?" అని అడిగితే "రాదు" అనడం నా నోటికి అలవాటు లేదు. (అక్షరాల సంగతీ అంతే. అరవై దాటేదాకా పేపరు తలకిందులుగా పట్టుకునైనా చదువుతున్నట్టే కూర్చునేదాన్ని.)

ఆ ఏడు క్రిస్మసు నాటకంలో మా అక్క కూతురు బుడ్డికి మరియమ్మ వేషం ఇచ్చారు. ఎనిమిదేళ్ళ పిల్ల, ముందు పళ్ళు రెండూ ఊడి ఉన్నాయి. బాలయేసు బొమ్మని మరియమ్మే తెచ్చుకోవాలి. బుడ్డి దగ్గరున్నది తిరునాళ్ళలో కొన్న రబ్బరు బొమ్మ. దానికి ఒక కన్ను మూతపడదు, ఒంటిమీద నూలుపోగు లేదు. పాస్టరమ్మగారు దాన్ని చూసి, "దేవుడి బిడ్డని దిసమొలతో చర్చికి తెస్తారంటమ్మా? పండగ నాటికి దీనికి బట్టలు లేకపోతే వేషం టీచరుగారమ్మాయికి ఇచ్చేస్తా" అన్నారు. బుడ్డి ఏడ్చుకుంటూ వచ్చి నామీద పడింది.

"ఏడుపెందుకే, నేను కుట్టనూ?" అనేశా.

"నీకు కుట్టడం వచ్చా పిన్నీ?"

"మీ అమ్మ వేసుకునే జాకెట్టు ఎవరు కుట్టారనుకున్నావ్?" (టైలరు కుట్టాడు. పిల్లకేం తెలుసు.)

ఇంట్లో ఉన్నది ఒక్కటే సూది, మిరపకాయల బస్తాల మూతులు కుట్టే దబ్బనం. ఆ ఏడు తొలికోత ముందే వచ్చింది. మా నాన్న పాత పంచె చింపి, కల్లంలో ఆరబోసిన మిరపకాయల్లో రంగుపోయిన తాలుకాయలు ఏరుతూ, ఆ చేతుల్తోనే మధ్యమధ్య కుట్టా. ముందు మెడ కుట్టేసి తల సంగతి తర్వాత ఆలోచించా. తల పట్టలేదు. మెడ చింపితే భుజం ఊడింది, భుజం కలిపితే చెయ్యి దూరలేదు. విసుగొచ్చి బొమ్మని లోపల పెట్టి చుట్టూ కుట్టేశా. పక్కన కాయలేరే ముసలమ్మ చూసి, "ఏమే, బిడ్డకి చొక్కానా? లేక గుంటూరు మిర్చియార్డుకి ఎగుమతా?" అంది. గుడ్డంతా ముడతలు. ఇస్త్రీపెట్టె మా వాడలో ఎవరికీ లేదు. అందుకని బొమ్మతో సహా రెండు రోజులు మిరపకాయల బస్తా కింద పెట్టా. ముడతలు పోయాయి, బాలయేసు ముక్కు కూడా కాస్త అణిగింది. ఘాటంటారా, కల్లంలో పెరిగిన ముక్కులు మావి, మాకేం తెలుస్తుంది?

పండగనాడు బుడ్డి నీలంరంగు ముసుగేసుకుని స్టేజీ మీద కూర్చుంది. బిడ్డని గుండెలకి హత్తుకుని, చొక్కా మీద ముద్దు పెట్టి, మొహం ఆనించింది. ముందు పెదాలు ఎర్రబడ్డాయి. తర్వాత కళ్ళు రుద్దుకుంది, ఇక ధారలే ధారలు. నాకప్పుడు వెలిగింది. పిల్ల బొమ్మని విసిరికొట్టి పారిపోతుందనుకున్నా. ఊహూ, ఇంకా గట్టిగా పట్టుకుంది. చెప్పాల్సిన రెండు మాటలూ ఏడుస్తూనే చెప్పింది. జనం "ఎంత భక్తమ్మా పసిదానికి!" అని వాళ్ళూ కళ్ళొత్తుకున్నారు. ఈలోపు పాస్టరుగారు (ఒంగోలు నించి కొత్తగా వచ్చిన మనిషి, ముక్కు ఇంకా మా ఊరికి అలవాటు పడలేదు) బిడ్డని అందుకుని పైకెత్తి దీవించబోయి, మైకులో వరసగా ఏడు తుమ్ములు తుమ్మారు. వెనకనించి ఎవరో "స్తోత్రం" అన్నారు.

బయటికి రాగానే బోరింగు దగ్గర బుడ్డి మొహం కడిగి పెరుగు పూశా.

"నా మొహాన కారం కొట్టావు కదే పిన్నీ!"

"మరి పడేయలేదేం?"

"పడేస్తే వేషం టీచరుగారమ్మాయికి ఇచ్చేస్తారుగా!"

మరుసటేడు పాస్టరమ్మగారు వేరే మాట లేకుండా, "మరియమ్మంటే ఈ పిల్లే. ఈసారి కూడా అలాగే ఏడవాలమ్మా" అన్నారు. బుడ్డి తిన్నగా కల్లానికొచ్చి నా చెవిలో, "పిన్నీ, మళ్ళీ బస్తా కింద పెట్టు. ఈసారి ఒక్కరోజు చాల్లే" అంది. అలా నాలుగేళ్ళు ఆ వేషం ఎవరికీ పోనీయలేదు.

తర్వాత బుడ్డే పంతులమ్మయి, ముసల్దాన్నైన నన్ను కూర్చోబెట్టి, వేళ్ళమీద స్కేలుతో కొట్టి మరీ అక్షరాలు నేర్పింది. (పాత బాకీ తీర్చుకుందిలెండి.) మొన్న దాని మనవరాలు బొమ్మకి గౌను కుట్టిపెట్టమంది. సన్నసూదితో కుట్టా, తల కూడా పట్టింది. పిల్ల గౌనుకి ముద్దు పెట్టుకుంది, నవ్వుతూనే ఉంది. నేనూ తీసుకుని వాసన చూశా. కొత్తగుడ్డ వాసన తప్ప ఏమీ లేదు. బుడ్డి నన్నే చూస్తోంది.

"ఏం పిన్నీ, బస్తా కింద పెట్టలేదా?"

"బస్తా ఎక్కడుందే? ఇప్పుడు ఇంట్లో ఉన్నది పావుకిలో కారం ప్యాకెట్టు. దాని కింద పెడితే ముడతేం పోద్ది!"