అట్లాసులో లేని కనుమ

2022లో వానలు మొదలయ్యే రోజులవి. నందిగామలో ఒక కుటుంబం వాళ్ళ పెద్దాయన పేరు మీద నడిపే ప్రైవేటు లైబ్రరీలో నేను అప్పటికి పదహారేళ్ళుగా లైబ్రేరియన్‌ని. మందుల షాపు పైన మేడ, రెండు హాళ్ళు, పద్దెనిమిది బీరువాలు. పొద్దున పేపర్లు చదివే పెద్దవాళ్ళు, పది దాటితే ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు. ఆ పిల్లల మీద నాకు ప్రేమ ఎక్కువ, పెత్తనం అంతకంటే ఎక్కువ. ఈ కథంతా ఆ పెత్తనం వల్ల వచ్చిందే.

లైబ్రేరియన్ పనంటే కూర్చుని పుస్తకాలు చదువుకోవడమని చాలామంది అనుకుంటారు. కొత్త పుస్తకం రాగానే యాక్సెషన్ రిజిస్టరులో ఎక్కించాలి. అది పుస్తకానికి పుట్టిన తేదీ రాయడం లాంటిది. ఆ తర్వాత క్లాసిఫికేషన్, అంటే ఏ విషయం పుస్తకమో చూసి దాని వీపు మీద నంబరు వెయ్యడం. ఇంగ్లీషు నవలైతే 823, యుద్ధశాస్త్రమైతే 355. నంబరు తప్పితే పుస్తకం ఊరు తప్పిన మనిషే. ఎవరికి కావాలో వాళ్ళకు దొరకదు, అక్కర్లేనివాడి చేతిలో పడుతుంది.

మా లైబ్రరీలో ఇంకో ఆచారం ఉంది. ప్రతి పుస్తకం చివరి అట్ట లోపల ఒక తెల్లకాగితం అంటిస్తాం. చదివినవాళ్ళు దాని మీద రెండు ముక్కలు అభిప్రాయం రాసి సంతకం పెట్టాలి. రాయకపోతే ఇంకో పుస్తకం ఇవ్వను. పెద్దాయన పెట్టిన రూలు అది, నేను కచ్చితంగా పాటించాను. కాకపోతే ఏదో ఒకటి రాశారా లేదా అని చూసేదాన్నే గానీ, ఏం రాశారో ఏనాడూ చదవలేదు.

ఆ జూన్‌లో హైదరాబాద్‌లో ఇల్లు మారుతున్న ఒకాయన రెండు అట్టపెట్టెల ఇంగ్లీషు పుస్తకాలు బస్సులో వేసి పంపాడు. మొత్తం ఇరవై ఆరు. సోమవారం ట్రస్టీలు చూడటానికి వస్తున్నారు, పెట్టెలేమో గుమ్మానికి అడ్డంగా ఉన్నాయి. అట్టల మీద తుపాకులు, హెల్మెట్లు, తగలబడుతున్న కోటలు. ‘కార్ష్ కనుమ ముట్టడి’, ‘తొమ్మిదో రెజిమెంట్’ అని ఆ ధోరణిలో పేర్లు. చెప్పుకోడానికి సిగ్గే గానీ, ఒక్కటంటే ఒక్కటి తెరవకుండా ఇరవై ఆరింటికీ 355 వేసి, డిఫెన్స్ పరీక్షల బీరువాలో సర్దేశాను. సాయంత్రానికి గుమ్మం ఖాళీ అయింది, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మరుసటి శనివారం కరుణ వచ్చింది. చిల్లకల్లు పిల్ల. జగ్గయ్యపేటలో డిగ్రీ చదివింది. సైన్యంలో ఆఫీసరు కావాలని పట్టుదల. రాతపరీక్ష అంతకుముందే ఒకసారి పాసై ఇంటర్వ్యూలో పోయింది. ఇప్పుడు మళ్ళీ పాసైంది. వయసు లెక్క ప్రకారం ఇదే ఆఖరి అవకాశం. తండ్రి లేడు. తల్లి మరియమ్మ కూలికి వెళ్ళి చదివిస్తోంది. అలాంటి పిల్ల ఆ రోజు మెల్లగా నవలల బీరువా దగ్గర నిలబడి ఉంటే నాకు ఒళ్ళు మండింది. ఇంటర్వ్యూ అయ్యేదాకా ఈ బీరువా దగ్గర కనపడ్డావంటే ఊరుకోనని గట్టిగానే అన్నాను. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి 355 బీరువా చూపించి, ఇది మిలిటరీ సైన్స్, వారానికొకటి చదువు, ఇంటర్వ్యూలో వీటి గురించే చెప్పు అని ఆర్డరు వేశాను. ఆ పిల్ల ఒకటి తెరిచి పేజీ చదివింది. నా మొహంలోకి ఓసారి చూసింది. తలూపి సంచిలో వేసుకుంది. ఎంత అణకువో అనుకున్నాను.

సెప్టెంబరులో ఒక ఆదివారం కరుణ బెంగళూరు వెళ్ళింది. ఐదు రోజుల ఇంటర్వ్యూ. మంగళవారం నరసింహారావుగారు వచ్చారు. ఆయనది జగ్గయ్యపేట, సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. వారానికోసారి బస్సెక్కి వచ్చి పుస్తకం మార్చుకుని వెళ్తారు. ఆ రోజు ‘కార్ష్ కనుమ ముట్టడి’ బల్ల మీద పెట్టి, నెమ్మదిగా అడిగారు.

“అమ్మా, ఈ కనుమ ఎక్కడుందో కాస్త చూపిస్తారా? మీ అట్లాసంతా వెతికా.”

తెలియదని చెప్పడం నాకు చేతకాదు. అఫ్ఘనిస్తాన్ వైపు ఉంటుందండీ అన్నాను.

“అక్కడైతే ఆకాశంలో రెండు చందమామలుండవు గదమ్మా.”

పుస్తకం లాక్కున్నంత పని చేసి తెరిచాను. రెండు చందమామలే కాదు, ఆ కనుమ ఉన్నది వేరే గ్రహం మీద. శత్రువులకు నాలుగేసి చేతులు. మొదటి పేజీ కింద చిన్నక్షరాల్లో అసలు సంగతి ఉంది. ఇది ఒక ఆట ఆధారంగా రాసిన నవల అట. పెద్ద బల్ల మీద మట్టిదిబ్బలు, కోటలు అమర్చి, బొటనవేలంత సైనికుల బొమ్మలకు రంగులు వేసి నిలబెడతారు. టేపుతో కొలిచి జరుపుతారు, పాచికలు వేసి ఎవడు చచ్చాడో తేలుస్తారు. ఆ బొమ్మల సైన్యాలకు యుద్ధాలు కల్పించి నవలలు రాస్తారు. చివర్లో ఆ బల్ల ఫొటో కూడా వేశారు.

అంటే అష్టాచెమ్మాకి నవల రాసినట్టా అన్నాను. అంతేనమ్మా, కాకపోతే దీంట్లో తుపాకులున్నాయి అన్నారాయన.

ఆయనకది నవ్వులాట. నాకు మాత్రం కరుణ గుర్తొచ్చింది. బీరువాలో మిగిలినవన్నీ కిందికి దించి చూస్తే అన్నీ అదే బాపతు. మొదటిసారి ఆ అభిప్రాయాల కాగితాలు చదివాను. ఎస్సై పరీక్షకు చదివే ఒకతను, ‘ఫిజికల్ టెస్టుకు ఉపయోగం లేదు’ అని రాశాడు. ఒక టీచరమ్మ, ‘రచయిత ఇన్ని వేలమందిని చంపాడు, ఒక్కడి పేరు గుర్తు లేదు, బొమ్మలనుకున్నాడేమో’ అని రాసింది. ఇంకెవరో, ‘రెండో భాగం తీసుకెళ్ళి ఇవ్వనివాడికి పుట్టగతులుండవు’ అన్నారు. సుబేదారుగారి రాత ఇదీ: ‘కనుమ అబద్ధం. చలి మాత్రం నిజం. కాపలా కాసేవాడి వేళ్ళు ఎలా మొద్దుబారతాయో తెలిసినవాడే రాశాడు.’ మూడు నెలలుగా ఇంతమంది మొత్తుకుంటుంటే నేను సంతకాలు చూసి స్టాంపు వేస్తూ కూర్చున్నాను.

కరుణ పదకొండు పుస్తకాలు చదివింది. అన్నింట్లోనూ గుండ్రటి అక్షరాలతో ఆ పిల్ల రాత ఉంది. ‘పదిహేడు రోజుల ముట్టడిలో నీళ్ళు ఎక్కడివో రాయలేదు’ అని ఒకచోట. ‘ఈ కమాండరు తప్పు ఒప్పుకున్నాడు, అందుకే నచ్చాడు’ అని ఇంకోచోట. చివరిదాంట్లో, ‘ఇంటర్వ్యూకి ఈ పుస్తకం చాలు’ అని ఉంది.

అది చదివాక, ఇంటర్వ్యూలో చదివిన పుస్తకాల సంగతి అడుగుతారేమోనని భయమేసింది. నరసింహారావుగారిని అడిగితే, ఆయన దాచకుండా చెప్పారు. మొదటి రోజే ఫారం నింపిస్తారు, ఏం పుస్తకాలు చదువుతావో అందులో రాయాలి, ఆఫీసరు దాన్ని పట్టుకునే ప్రశ్నలు వేస్తాడు. అంటే ఆ పిల్ల యుద్ధశాస్త్రమని రెండు చందమామల కథ రాసిచ్చి ఉంటుంది. ఆఖరి అవకాశం, నేను వేసిన నంబరు వల్ల నవ్వులపాలు కాబోతోంది. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. అక్కడ ఫోన్లు తీసి పెట్టేసుకుంటారట.

ఇంటికైనా కబురు వచ్చిందేమోనని, ఉండబట్టలేక మధ్యాహ్నం లైబ్రరీకి తాళం వేసి చిల్లకల్లు బస్సెక్కాను. మరియమ్మ పత్తిచేలో కలుపు తీస్తోంది. గట్టు మీద నన్ను చూసి భయపడిపోయింది. ఏమీ లేదు, కరుణ ఫోన్ ఏమైనా చేసిందా అని అడిగాను. చెయ్యలేదంది. ఇంతలో తనే ఎత్తుకుంది.

“మీరిచ్చిన పుస్తకాలన్నీ రాత్రిపూట నాకు చెప్పేదండీ. ఆ మంచుకొండల్లో మనోళ్ళు అంతమంది పోయారంటగా. ఆ కెప్టెన్ పిల్లోడు పోయిన రోజు నాకు అన్నం సయించలా.”

నిజంగా జరిగిందనే చెప్పిందా అని అడిగాను. నిజమేగదండీ, మిలిటరీ పుస్తకం గదా అంది.  ఆవిడ బాటిల్లోంచి నీళ్ళు పోసి ఇస్తే తాగి, వచ్చిన దారినే తిరిగొచ్చాను.

బుధ, గురువారాలు ఎలా గడిచాయో చెప్పలేను. పిల్లలు ఏ పుస్తకం అడిగినా విసుక్కున్నాను. శుక్రవారం సాయంత్రం ఫోన్ కలిసింది. ఏమైందమ్మా అన్నాను. రేపు వస్తున్నా మేడమ్, వచ్చి చెప్తా అని పెట్టేసింది. అలాంటి మాటకు ఏ అర్థం తీసుకోవాలో ఆ రాత్రంతా నాకు తేలలేదు.

శనివారం విజయవాడలో రైలు దిగి బస్సెక్కిందట. కంచికచర్ల దాటానని మెసేజి పెట్టింది. కీసర టోల్‌గేటు దగ్గర బస్సు ఎంతసేపు ఆగుతుందో నాకు తెలుసు, అయినా మెట్ల దగ్గరే నిలబడ్డాను. బ్యాగు భుజాన వేసుకుని పైకొచ్చి, నా ఎదురుగా కూర్చుని, ముందు మంచినీళ్ళు తాగింది.

“మేడమ్, సెలెక్టయ్యా. మెడికల్ ఒకటే ఉంది.”

నేను ఏడ్చేశాను. అభినందించాలన్న ధ్యాస కూడా లేకుండా, ఆ పుస్తకాలు నవలలమ్మా, నేనే తప్పు నంబరు వేశాను, ఫారంలో రాశావా అని గుక్క తిప్పుకోకుండా అడిగాను. రాశానంది. ఆఫీసరు అడిగాడా అంటే, అరగంట దాని మీదే అడిగాడంది. కార్ష్ కనుమ ఏ యుద్ధంలోది అన్నాడట ఆయన. ఇది యుద్ధం కాదు సార్, బల్ల మీద ఆడే ఆటకు రాసిన నవల అని చెప్పిందట. మరి ఆఫీసరు కావాలనుకునేదానివి, బొమ్మల కథలు ఎందుకు చదివావు అని ఆయన గట్టిగానే నిలదీశాడట.

“ఆటలో బొమ్మకి దాహం వెయ్యదు సార్, నవల్లో మనిషికి వెయ్యాలి, ఈ రచయిత అది మర్చిపోయాడన్నా. మా అమ్మ పనికెళ్తే ముందు నీళ్ళు చూసుకుంటది, తర్వాతే చేలో దిగుద్ది. నేను కమాండరైతే ముందు నీళ్ళ సంగతే చూస్తానని చెప్పా. ఆయన రాసుకున్నాడు మేడమ్.”

అయితే నీకు ముందే తెలుసా అన్నాను. మీరిచ్చిన రోజే, మొదటి పేజీలోనే తెలిసిందండీ అంది తల వంచుకుని. మరి మీ అమ్మకి నిజమని ఎందుకు చెప్పావంటే, కథలు చదువుకుంటూ కూర్చున్నావా అని తిడుతుందని అట. నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. బల్ల గీకుతూ చెప్పింది.

“చెబితే మీరు వెనక్కి తీసేసుకుంటారు గదా మేడమ్. పొద్దస్తమానం జీకే బిట్లు చదివీ చదివీ నాకు పిచ్చెక్కుతోంది. అవి లేకపోతే ఈసారి ఇంటర్వ్యూకి వెళ్ళేదాన్నే కాదు.”

గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఐదు రోజులపాటు ఈ పిల్లని ముంచేశానని వణికిపోయాను. నిజానికి నేను ముంచబోయింది జూన్‌లో, నవలల బీరువా దగ్గర్నుంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినప్పుడు. నా అజాగ్రత్త ఆ పిల్లని నా పెత్తనం నుంచి కాపాడింది.

ఇప్పుడు తెరవకుండా ఏ పుస్తకానికీ నంబరు వెయ్యను. శనివారం మధ్యాహ్నం కూర్చుని ఆ వారం తిరిగొచ్చిన పుస్తకాల్లో అభిప్రాయాలన్నీ చదువుతాను. పరీక్షకు చదివే పిల్లలు నవల అడిగితే, ఎప్పుడు తెచ్చిస్తావని మాత్రమే అడుగుతాను.