బావమరిది పట్టిన తాడు: అహోబిలం జలపాతానికి ఒక రోజు

మా నంద్యాలలో నీళ్లంటే కాలువ నీళ్లు. గట్లు చూపించిన దారిలో, తూము తలుపులు వదిలినంత వేగంతో, ఎవరినీ ఏమీ అనకుండా పోతాయి. పైనుంచి కిందికి దూకే నీళ్లను నేను పదహారేళ్లు వచ్చినా చూడలేదు. పోయిన కార్తీకమాసంలో మా తెలుగు అయ్యవారు జలపాతం మీద వ్యాసం రాయమన్నారు. నేను నిఘంటువు ముందేసుకుని ఝరి, నిర్ఝరం, శీకరం అంటూ నాకు దొరికిన అందమైన మాటలన్నీ పేర్చి నాలుగు పుటలు నింపాను. అయ్యవారు మొత్తం చదివి, "మాటలు బాగున్నాయి. నీళ్లే లేవు" అని కింద రాశారు. ఆ రాత్రి అన్నం తింటూ, నాకు జలపాతం చూపించమని మా నాయనను అడిగాను. ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం పోయి రాత్రికి తిరిగి రావచ్చని, ఆదివారం అంగడి ఎలాగూ మూతేనని ఆయన ఒప్పుకున్నాడు.

ఆళ్లగడ్డ మా అమ్మ పుట్టిన ఊరు. ఆ పేరు వినగానే అమ్మ చేతిలో గరిటె కాసేపు ఆగింది. దానికి కారణం ఉంది. మా నాయనకు నంద్యాలలో బట్టల అంగడి. ఆయన గజంబద్ద మీద అందరికీ నమ్మకం. కిందటేడు ఉగాదికి ఆళ్లగడ్డ దగ్గర బండలాగుడు పందెం జరిగితే, దూరం కొలవడానికి పెద్దలు ఆయననే పిలిచారు. మా మేనమామ ఎద్దులు ఆ పందెంలో ఉన్నాయి. నాయన కొలిచి, మామ ఎద్దులు జానెడు తక్కువ లాగాయని పదిమందిలో చెప్పాడు. మామ అదే పదిమందిలో, బావ కళ్లల్లో దుమ్ము పడినట్టుందన్నాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అక్కను పుట్టింటికి తీసుకుపోవాలంటే తమ్ముడు బండి కట్టుకుని రావాలి. మామ మా గడప తొక్కడు. పిలవడానికి రానిదే పంపేది లేదని నాయన. అమ్మ తన తల్లిని చూసి ఏడాదిన్నర దాటింది. మా అవ్వకు ఇప్పుడు చూపు సరిగా ఆనడం లేదట. ఆ సంగతి కూడా అమ్మకు బస్సువాళ్ల నోట తెలిసిందే.

అమ్మ మరునాడే బస్సు క్లీనరుతో ఆళ్లగడ్డకు కబురు పంపింది. ఆదివారం పొద్దున మాకు సద్దిమూట బస్సు దగ్గరికి అందించమని. సేద్యగాడు ఎవరో తెచ్చి ఇస్తాడులే అని నాయనతో చెప్పింది. నన్ను మాత్రం వంటింట్లోకి పిలిచి, "మీ మామే వస్తాడు. వాళ్లిద్దరి మధ్యలో నువ్వు కూర్చో" అంది.

నంద్యాల నుంచి తొలి బస్సు చీకటితోనే బయలుదేరుతుంది. కొత్త పైసలు వచ్చిన ఏడాది కాబట్టి కండక్టరు ఛార్జీ ముందు పైసల్లో చెప్పి, మా ముఖాలు చూసి మళ్లీ అణాల్లో చెప్పాడు. పెద్దవాళ్లకు పన్నెండణాలు, నాకూ అంతే. అరటిక్కెట్టు అడగడానికి నా మీసం అడ్డం వచ్చింది. శిరివెళ్ల దాటాక తెల్లవారింది. ఎడమవైపు నల్లమల కొండలు మొదట బూడిదరంగు గోడలా, తరువాత నీలంగా, ఎండ తగిలాక పచ్చగా కనిపించాయి. రోడ్డుకు ఇటువైపు నల్లరేగడిలో శెనగ మొలకలు. మీరు పోయేటప్పుడు ఎడమ కిటికీ పక్కన కూర్చోండి. ఈ మూడు రంగులూ మీకు దక్కుతాయి.

ఆళ్లగడ్డలో మామ నిలబడి ఉన్నాడు. భుజాన కొత్త తువాలు, చేతిలో పెద్ద మూట. నాయన ఆయనను చూసి, చూడనట్టుగా అహోబిలం బస్సు ఎక్కాడు. మామ మూట నాకిచ్చి వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. అడవిలో పిల్లోడిని ఒంటరిగా ఎట్లా వదిలేదని కండక్టరుతో అని, తానూ ఎక్కాడు. పక్కనే మా నాయన ఉండగా నేను ఒంటరిని ఎట్లా అయ్యానో కండక్టరుకు అర్థం కాలేదు. నేను అమ్మ చెప్పినట్టే మధ్యలో కూర్చున్నాను.

"అల్లుడూ, కిటికీ పక్కన కూర్చోవద్దని చెప్పు మీ నాయనకు. ఈ దావలో దుమ్ము పడ్తాది" అన్నాడు మామ.

నాయన కిటికీలోంచి బయటికే చూస్తూ, "నా కండ్లల్లో దుమ్ము కిందటేడే పడిందంట గదా. ఇంగేం పడ్తాదని చెప్పు మీ మామకు" అన్నాడు.

ఇద్దరికీ ఇద్దరి మాటలూ వినిపిస్తూనే ఉన్నాయి. అయినా నేను చెప్పేదాకా విననట్టే కూర్చున్నారు. గంటన్నర ప్రయాణంలో ఎద్దుల మేత గురించీ, గుడ్డల ధరల గురించీ, ఎవరి కోపం ఎక్కువన్న దాని గురించీ చాలా మాటలు మోశాను. కొన్నింటిని దారిలో కాస్త మెత్తబరిచాను. మాటలంటే నాకు ఎంత ఇష్టమైనా, ఆ పూట వాటి బరువు తెలిసింది.

దిగువ అహోబిలంలో దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. ముందు స్వామి దర్శనం చేసుకున్నాం. ఇక్కడినుంచి ఎగువ అహోబిలానికి రెండు గంటల నడక, అక్కడినుంచి భవనాశి వాగు వెంట జలపాతానికి ఇంకో గంటకు పైన. అడవి కాబట్టి దారి చూపే మనిషి లేకుండా పోవద్దని గుడి దగ్గర అందరూ చెప్పారు. మాకు ముగ్గురు దొరికారు. మొదటివాడు బండివాడు. ఎగువ అహోబిలం దాకా బండిలో తీసుకుపోయి, గుడి చూపించి, మధ్యాహ్నానికి తిరిగి దించుతాడు. జలపాతం మాత్రం అతని పనిలో లేదు. కాళ్ల నొప్పులున్నవారికి అతనే మంచిది. రెండోవాడు పంచె, ఉత్తరీయంతో ఉన్న పెద్దాయన. తొమ్మిది నరసింహుల కథలు, పద్యాలతో సహా దారి పొడుగునా చెబుతాడు. మచ్చుకు ఒక పద్యం చదివాడు. గొంతు ఎంతో బాగుంది. నాయనకు ఆయన నచ్చాడు. మూడోవాడు చెంచు మనిషి, పేరు అంకన్న. భుజాన చుట్టిన తాడు, చేతిలో చిన్న గొడ్డలి. ఏం చూపిస్తావని అడిగితే, "నీళ్లు" అన్నాడు. మామకు అతను నచ్చాడు. నాయనకు పెద్దాయన నచ్చకపోయి ఉంటే మామకు అంకన్న నచ్చేవాడా అన్నది నాకిప్పటికీ అనుమానమే.

తేల్చమని ఇద్దరూ నన్నే చూశారు. నిజం చెప్పాలంటే నా మనసు పద్యాల పెద్దాయన వైపే మొగ్గింది. కానీ ఆయన వెంట పోతే జలపాతం దగ్గర మాటలు కూడా ఆయనే చెప్పేస్తాడనిపించింది. ఈసారి మాటలు నేను వెతుక్కోవాలి. అందుకే అంకన్ననే ఎంచుకున్నాను. మనిషికి రూపాయి, నాయన దగ్గర చుట్టలు ఉన్నాయని తెలిశాక ఒక చుట్ట అదనంగా అడిగాడు. మామ ముఖంలో గెలిచిన కళ కనిపించింది. నాయన, "మీ మామకు ఇదన్నా గెల్చే యోగం ఉండాదిలే" అన్నాడు. అది మాత్రం నేను మోయలేదు.

తక్కువ మాట్లాడే మనిషి అనుకున్న అంకన్న, అడవిలో అడుగు పెట్టగానే మరో మనిషయ్యాడు. ఈ కొండ దేవుడు తమ ఆడపిల్లను చేసుకున్నాడు కాబట్టి తమకు అల్లుడేనని, అందుకే తాము మొక్కడం కంటే ఎక్కువగా ఎగతాళి చేస్తామని నవ్వుతూ చెప్పాడు. ఎగువ అహోబిలం దాటి వాగులో బండల మీద నడుస్తుండగా, ఎదురుగా కొండచరియకు నల్లగా వేలాడుతున్న తేనెపట్లు చూపించాడు. ఎండాకాలంలో వాటికోసం చరియ పైనుంచి తాడు పట్టుకుని దిగుతారట. పైన తాడు పట్టుకునేవాడు దిగేవాడికి బావమరిదే అయి ఉండాలట.

నాకు ఆశ్చర్యం వేసింది. సొంత తమ్ముడైతే పనికిరాడా అని అడిగాను.

"తమ్మునికి తేనెలో భాగముంటాది అప్పా. బావమరిదికి అక్క తాళి ఉంటాది. యాడన్నా తమ్ముని చెయ్యి జారొచ్చేమో గానీ, బావమరిది చెయ్యి జారదు" అన్నాడు అంకన్న.

మరి చెట్టుకు కడితే సరిపోదా అన్నాను. చెట్టుకు అక్క ఉండదు గదా అన్నాడు. నేను నవ్వాను. వెనక వస్తున్న ఇద్దరూ నవ్వలేదు. ఒకరు బండలు చూస్తూ, ఒకరు చెట్లు చూస్తూ నడిచారు.

మధ్యాహ్నం దాటాక మొదట శబ్దం వినిపించింది. దూరంగా బస్సు ఇంజను తిరుగుతున్నట్టు ఉంది. ముందుకు పోయేకొద్దీ అది చెవుల్లోంచి ఛాతీలోకి దిగింది. రెండు రోజుల కిందట కొండల్లో వాన పడిందట, మామూలుగా నడిచే దారి నీళ్ల కింద ఉంది. మేము ఒక పెద్ద బండ పైకి చేరాం. దాని కింద మడుగు, మడుగు అవతల మలుపు తిరిగితే జలపాతం. బండ రెండు నిలువుల ఎత్తుంటుంది, పాచి పట్టి నున్నగా ఉంది. అంకన్న పైన తాడు పట్టుకుని నన్ను నడుము కట్టి దించాడు. తరువాత తాడు పైనే వదిలి, పట్టు దొరికించుకుంటూ తనూ దిగి, కింద నిలబడి పైకి కేకేశాడు.

"మీలో బావా బావమరుదులు ఎవురన్నా ఉండారా?"

పైన నాయన ఒక వైపు, మామ ఒక వైపు చూస్తున్నారు. పొద్దుటినుంచి ఇతరుల మాటలే మోసిన నేను అప్పుడు నా సొంత మాట ఒకటి చెప్పాను. "ఉండారు. వాళ్లిద్దరే."

అంకన్న మా నాయనను తాడు కట్టుకోమన్నాడు, మామను పట్టుకోమన్నాడు. నాయన బండ మీద చతికిలబడి, తాను ఇక్కడే కూర్చుంటానని, మమ్మల్ని చూసి రమ్మని అన్నాడు. ఇంతదూరం వచ్చి ఆయన దిగకపోతే, అమ్మ కబురు, సద్దిమూట, పొద్దుటి నుంచి నేను మెత్తబరిచిన మాటలు అన్నీ ఆ బండ మీదనే మిగిలిపోతాయని నాకు తెలుసు. నిఘంటువులో ఉన్న మాట ఒక్కటీ అక్కరకు రాలేదు.

మామ తాడు కొస తీసుకుని మొలకు చుట్టుకున్నాడు. ఒక రాతి గంటుకు కాలు తన్నిపెట్టి, నావైపు చూసి గట్టిగా చెప్పాడు. "అల్లుడూ, తాడు జానెడు గూడా జారదని చెప్పు మీ నాయనకు. కావాలంటే కొల్చుకోమను."

నాయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని నాకు కాసేపటికి తెలిసింది. లేచి, తాడు నడుముకు కట్టుకుని, వెనక్కి తిరిగి బండ అంచున నిలబడ్డాడు. ఇక నా వైపు చూడలేదు.

"పట్టుకున్యావా?"

"పట్టుకున్యా. రా బావా."

సగం దిగాక నాయన కాలు జారింది. తాడు ఒక్కసారిగా బిగిసింది. ఆయన గాలిలో అటూ ఇటూ ఊగి, మళ్లీ కాలు మోపుకున్నాడు. పైన మామ కదల్లేదు. అంకన్న నాయనను కిందికి అందుకున్నాక, మామ తాడును ఒక బండకు తగిలించుకుని తానే దిగాడు. దిగాక చూస్తే రెండు అరచేతులూ ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

మలుపు తిరిగాం. నీళ్లు కొండ తల మీదనుంచి ఒకే ధారగా బయలుదేరి, సగం దూరం వచ్చాక దారి మరిచినట్టు చెదిరి, పొగలా కిందికి వస్తున్నాయి. కింద పడేదాకా వాటికి శబ్దం లేదు. పడ్డాక మరే శబ్దమూ లేదు. నా చొక్కా తడిసింది. చూస్తూ నిలబడ్డాను, ఒక్క మాట కూడా వెతుక్కోలేదు.

ఎండ తగిలే బండ మీద సద్దిమూట విప్పాం. జొన్నరొట్టెలు, పుంటికూర పచ్చడి, శెనక్కాయల పొడి, నెయ్యి. అవ్వ చేసి పంపినవే. రొట్టె గట్టిది, మామ వేళ్లు ముడుచుకోవడం లేదు. నాయన ఆ రొట్టె తీసుకుని, ముక్కలు తుంచి, నెయ్యి అద్ది మామ ముందు పెట్టాడు. అంకన్న తన చుట్ట అప్పుడే అడిగి తీసుకున్నాడు.

తిరుగుదారిలో మాటలు మోసే పని నాకు పడలేదు. పొద్దు గూకేవేళకు దిగువ అహోబిలం చేరి బస్సు పట్టుకున్నాం. ఆళ్లగడ్డలో దిగాక, నంద్యాల బస్సు కదిలేముందు నాయన కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఎల్లుండి మీ అక్కను తీసకపోదువు రా. ఆ ఎద్దుల్నే కట్టుకోని రా" అన్నాడు. మామ, "వస్తా గానీ, నువ్వు ఆ గజంబద్ద ఎత్తి పెట్టుకో" అన్నాడు. రెండు రోజులు గడిచాక మా వీధిలో ఆ ఎద్దులే కొమ్ములకు పూసలతో వచ్చి నిలిచాయి. అమ్మ బండెక్కేముందు వాటి మెడలు నిమిరింది. మామ అరచేతులకు ఇంకా పసుపు ఉంది.

నేను వ్యాసం మళ్లీ రాశాను. ఈసారి ఒక్క పుట దాటలేదు. అయ్యవారు చదివి, పాత వ్యాసం కింద రాసిన మాటను కొట్టేసి తిరిగిచ్చారు. మంచి దారి చూపేవాడిని ఎంచుకున్నావని కొందరు నన్ను మెచ్చుకుంటారు గానీ, నాకు అంత తెలివి లేదు. నేను నీళ్లు చూపమని అడిగి ఒక మనిషిని ఎంచుకున్నాను. తాడు ఎవరు పట్టుకోవాలన్నది అతని కులంలో ఎప్పటినుంచో తేలిపోయిన సంగతి. ఊళ్లో మాకు ఏడాదిన్నరగా తేలని సంగతి అదే. పద్యాల పెద్దాయనతో పోయినా జలపాతం అంతే అందంగా ఉండేదేమో. కానీ మా నాయన ఆ బండ మీదనే కూర్చుండిపోయేవాడు.

మీరూ పోదలుచుకుంటే కార్తీకంలో, వాన వెలిసిన రెండు మూడు రోజులకు పోండి. తాడు అంకన్న దగ్గర ఉంటుంది. పట్టుకోవడానికి బావమరిదిని మాత్రం మీరే వెంటబెట్టుకుని పోవాలి. మాటల్లేకపోయినా ఫర్వాలేదు.