ప్రాపర్ ఇబ్రహీంపట్నం

మొన్న మా కోడలు సుజాతకు మన్నెగూడ కాలేజీల లెక్చరర్ కొలువు ఇప్పించింది ఎవరనుకుంటున్నరు? సాక్షాత్తు నేనే! ఆ కొలువు ఊడగొట్టబోయింది గూడ నేనే అనుకోండి, అది వేరే ముచ్చట. కాదు కాదు, గదే ముచ్చట!

సుజాత ఫిజిక్స్ చదివింది. ఉద్యోగం కోసం తిరగని కాలేజీ లేదు. ఈసారి డెమో క్లాసు చెప్పమన్నరు. పిల్లలకు అర్థమైతేనే కొలువు. "ఆటోల పోత మామా" అన్నది. "నేనుండంగ ఆటో ఏంది బిడ్డా!" అని స్కూటర్ తీసిన. సాగర్ రోడ్డు మీద గాలి మా ఎంబడి పడి, అందుకోలేక ఆయాసపడి ఆగిపోయింది. అబద్ధమైతే సుజాతనే అడగండి.

బయట మస్తు ఎండ. నేను గూడ లోపలికి పోయిన; క్లాసుల ఆఖరి బెంచీ మీద, ఫ్యాన్ కింద జాగ దొరికింది. గోడ పక్కన ప్రిన్సిపాల్ కూసున్నడు. కోడలు బోర్డు మీద 'ప్రాపర్ టైమ్, ప్రాపర్ లెంగ్త్' అని రాసి మొదలువెట్టింది. దాదాపు వెలుగంత స్పీడుతోని ఉరికే బండ్లట, పొట్టిగయ్యే కట్టెలట! నేను శ్రద్ధగ విన్న. కండ్లు మూసుకొని ఇంకా శ్రద్ధగ విన్న.

ఎప్పుడు కునుకు పట్టిందో! ప్రిన్సిపాల్ గొంతు ఖంగుమన్నది: "ప్రాపర్ అంటే ఏంది? ఎవరన్న చెప్పుండ్రి!"

మా దిక్కు కొత్త మనిషిని మొదలు అడిగేదే గది, 'మీ ప్రాపర్ ఏది?' అని. ప్రాపర్ అంటే సొంతూరు కదా! దిగ్గున లేచి, గోడలదిరేటట్టు చెప్పిన: "ప్రాపర్ ఇబ్రహీంపట్నం సార్! తాతల కాలం సంది!"

క్లాసు క్లాసంత ఒకటే నవ్వు. "ఎవరీయన?" అన్నడు ప్రిన్సిపాల్. సుజాత మొఖం సుద్దముక్క లెక్క తెల్లగైంది. "మా మామ సార్" అన్నది. పోయింది, బిడ్డ కొలువు పోయింది అనుకున్న.

సుజాత చేతుల సుద్ద దులుపుకున్నది. "మామ చెప్పింది కరెక్టే" అన్నది! "ప్రాపర్ అంటే సొంతూరే. బస్సుకు సొంతూరేది? బస్సే. అండ్ల కూసున్నోళ్లు టేపు పట్టి కొలిస్తే వచ్చేదే దాని ప్రాపర్ లెంగ్త్. అదే బస్సు వెలుగు కన్న జరంత తక్కువ స్పీడుతోని ఉరికితే, రోడ్డు మీదోళ్ల కొలతకు పొట్టిగ వస్తది. బస్సులాయన చేతి గడియారం చూపేది ఆయన ప్రాపర్ టైమ్. రోడ్డు మీదోళ్ల లెక్కల ఆ గడియారం మెల్లగ నడుస్తది."

ముందు బెంచీ పిల్ల ఒకతి లేచింది. "అంటే మేడం, గడియారానికి అది కట్టుకున్న చెయ్యే సొంతూరా?"

"అవ్ బిడ్డా, గదే!"

ప్రిన్సిపాల్ తలకాయ ఊపిండు. కొలువు ఖాయమైంది! నేను నేల మీద పారేసిన ఇజ్జత్ ను ఎత్తి, దులిపి, మళ్ల నా భుజానికే శాలువ లెక్క కప్పింది ఆ తల్లి. బతికున్నన్ని రోజులు మొక్కుత.

పొద్దుమీకి చాయ్ ఇచ్చుకుంట అన్నది: "మామా, నువ్వు లేకుంటే ఈ కొలువు వచ్చేది కాదు. ఇంకొక్క సాయం చెయ్యి."

"అడుగు బిడ్డా, ప్రాణమిస్త!"

"ప్రాణం వద్దు మామా. క్లాసుల మాట్లాడకు, చాలు."

ప్రాణమిచ్చుడే సులువుండె!