కాఫీ కణాలు చంపిన కారం

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో అనుమానమే ఉండేది కాదు. నాకంటే తెలివైనవాళ్ళు లేరు, గుంటూరుదాన్ని గనక నన్ను ఏడిపించే మిరపకాయ ఇంకా పుట్టలేదు. తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి రోజులవి. వెరులంలో గది తీసుకుని, రోజూ టాక్సీలో ఇరుక్కుని డర్బన్‌లోని ల్యాబుకి వెళ్ళేదాన్ని. అంతకుముందు అక్కడ ఏ రంగువాళ్ళ టీ గది వాళ్ళదేనట. అప్పుడే అందరికీ ఒకటయింది. అందులో కిటికీ పక్క కుర్చీ మా టెక్నీషియన్, క్లెయిర్‌వుడ్ పేట నుంచి వచ్చే అక్కది. (ఇరవై ఏళ్ళు ఆమెను ఆ గడప తొక్కనివ్వలేదు గనక ఆ కుర్చీ జోలికి ల్యాబు నడిపే మా పెద్దాయన కూడా వెళ్ళేవాడు కాదు.) చెరకు తోటలకొచ్చిన తెలుగువాళ్ళ మనవరాలు. మాటలన్నీ ఇంగ్లీషే, తిట్లు మాత్రం తెలుగు.

నా పనేమిటంటే, సీసాల్లో పెంచిన కాఫీ మొక్క కణాలకు మిరపకాయలోని కారాన్ని తాగించడం. అవి దానికి ఓ చక్కెర తగిలిస్తే కారం చచ్చిపోయేది. ఎంజైమ్ వేస్తే ఆ చక్కెర ఊడి కారం మళ్ళీ లేచి కూర్చునేది. ఈ లేచి కూర్చోవడాన్ని పెద్దాయన నమ్మలేదు. "శుక్రవారం రుజువు చూపించు. లేదంటే ఈ ఆర్నెల్ల ఒప్పందంతో నీ ఉద్యోగం సరి" అన్నాడు. ఎంత కారమైనా తనకు లెక్కలేదని గొప్పలు పోయే మనిషి! నాకు చిలిపి బుద్ధి పుట్టింది. రెండు చిన్న సీసాలు సిద్ధం చేశాను. పచ్చ మూతది చప్పనిది, నాకు. ఎర్ర మూతది ఎంజైమ్ వేసి లేపిన కారం, ఆయనకు. రెండూ చప్పనివేనని చెప్పి తాగిద్దామని! పొట్ట పట్టుకుని నవ్వుతూ అక్కకి చెబితే, "ఏయ్ పిల్లా, సిగ్గులేదా? పెద్దోల్లతోనా ఆటలు?" అంది. తిట్టి ఊరుకుందనుకున్నాను.

శుక్రవారం టీ గదిలో చేరాం. (ల్యాబులో ఏదీ నోట పెట్టకూడదన్న నియమాన్ని నేను పాటించిన తీరు అదీ.) పచ్చ మూత తీసి ధీమాగా గుటుక్కున మింగాను. నాలుక, చెవులు, ముక్కు ఒకేసారి అంటుకున్నాయి. పెద్దాయన ఎర్ర మూతది చప్పరించి, "ఏమీ లేదే!" అన్నాడు తాపీగా. అక్క మూతలు మార్చేసింది!

"ఏడుస్తున్నావేం?" అన్నాడాయన.

"ఆనందం, సార్."

"బాగా అయిందా? తాగు" అంటూ అక్క తన అమాసి డబ్బా నా ముందుకు తోసింది. జూలూల పుల్లపెరుగు అంత అమృతంలా ఉంటుందని అప్పుడే తెలిసింది.

పెద్దాయన నన్నూ సీసాల్నీ మార్చి మార్చి చూశాడు. నా సీసాలో మిగిలిన చుక్క వేలితో నాలిక్కి రాసుకున్నాడు. మొహం ఎర్రబడింది. తర్వాత నా చేతిలోని అమాసి లాక్కుని తాగి, "ఎంజైమ్ పనిచేసింది. సోమవారం తొందరగా రా" అన్నాడు.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. ఆనాటి ఆ పిల్ల ఇవాళ ఇంటర్వ్యూకి వస్తే ముందు బాగా చీవాట్లు పెడతాను. తర్వాత, ఇంకెవరూ ఎగరేసుకుపోకముందే ఉద్యోగంలో చేర్చుకుంటాను.