శుక్రవారం నాడు కడిగిన కుండ

ఒక శుక్రవారం మధ్యాహ్నం మాణిక్యమ్మ పిన్ని తరవాణి కుండని బోర్లించాను. బోర్లించి, చింతపండూ బూడిదా వేసి, లోపల మొహం కనిపించేదాకా తోమాలనుకున్నాను. మట్టికుండలో మొహం కనిపించదని కాసేపటికి తట్టింది. నా జీవితంలో అంత శుభ్రంగా చేసిన పని మరొకటి లేదు. అంతమంది నోటి దగ్గర కూడు తీయబోయిన పనీ మరొకటి లేదు.

ఒరిస్సా కొత్తగా విడి రాష్ట్రమైన రోజులవి. బరంపురంలో మేమంతా మద్రాసు వాళ్లుగా పడుకుని ఒరిస్సా వాళ్లుగా లేచాం. ఎండలు మాత్రం మారలేదు. ఆ ఏడు వానల్లేక పల్లెల జనం పట్నం చేరితే, కూర్మయ్య షావుకారు బడా బజార్లోని తన బియ్యం గోదాం ఖాళీ చేయించి అన్నసత్రం తెరిచారు. ఆయన షరతు ఒక్కటే. తినేవాళ్లు ఎవరైనా సరే, వంట మాత్రం మన షావుకార్ల ఇళ్ల మనుషుల చేతి మీదుగానే జరగాలి. పొయ్యి మీదికెక్కే నీళ్లక్కూడా ఆ నియమం ఉండేది. వండడానికి మా మాణిక్యమ్మ పిన్ని కుదిరింది. వడ్డించడానికి నేను కుదిరాను. నన్నెవరూ పిలవలేదు.

మద్రాసులో రెండేళ్లు చదివి పరీక్ష తప్పి వచ్చాను. చదివిందంతా అక్కడే వదిలేశాను గానీ సూక్ష్మజీవుల పాఠం ఒక్కటి నాతో రైలెక్కింది. సత్రంలో జనాన్ని వరసలో నిలబెట్టి, చేతులు కడిగించి, గోళ్లు చూసిగానీ విస్తరి ముందు కూర్చోనిచ్చేవాణ్ణి కాదు. ఆకలితో ఉన్నవాడు మర్యాదగా ఉంటాడు. ఆ మర్యాదంతా నా మీద గౌరవమే అనుకునేవాణ్ణి.

పొద్దుటి పూట చద్దన్నం, తరవాణి, ఉల్లిపాయ. తరవాణి అంటే పులిసిన గంజినీళ్లు. రోజూ కొంత తీసి, అంత కొత్త గంజి పోస్తారు. అడుగున పాతది ఉంటేనే కొత్తది పులుస్తుంది. కుండ కడిగేటప్పుడు కూడా చెంబెడు పాతది తీసి దాచుకుని కడుగుతారు. పిన్ని కుండలోది వాళ్ల అత్తగారిచ్చిన పులుపు. దాని మీద పరాయి చెయ్యి పడితే గరిట కింద పెట్టి వెళ్లిపోతానని ఆవిడ మొదటిరోజే చెప్పింది. ఆ రోజు నేను గోళ్లు చూస్తూ ఉన్నాను, వినలేదు. మా ఇంట్లోనూ అలాంటి కుండ ఉంది గానీ, మగాళ్లం దాన్ని తాగడమే తప్ప చూసి ఎరగం.

పిన్ని నడుం వాల్చడానికి ఇంటికెళ్లిన వేళ నేను మూత తీశాను. నురగ, బుడగలు, వాసన. పుస్తకంలో చెప్పిన లక్షణాలన్నీ వరసగా ఉన్నాయి. ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు.

కుండని ఎండలో పెట్టి చూసుకుంటుంటే పోలమ్మ వచ్చింది. సముద్రపొడ్డు జాలరి మనిషి, ఇద్దరు పిల్లలతో సత్రం వెనక పాకలో ఉంటోంది.

"కుండ ఎవులు కడిగినారు బాబూ?"

"నేనే. పాడైపోయింది, పుల్లకంపు కొడుతోంది."

"పులవకపోతే అది తరవాణి ఎలాగవుద్ది?" అని, కుండలోకి తొంగిచూసి, "పాతది ఏటైనా ఉంచినావా?" అంది.

ఉంచలేదన్నాను. ఆమె కేకలేమీ వెయ్యలేదు. "పిన్నమ్మ గరిట పెట్టీసి ఎల్లిపోతే రేపు మా గుంటలేటి తింటారు?" అని మాత్రం అడిగింది.

దీపాల వేళకి పిన్ని వస్తుంది. ఇత్తడి చెంబు పట్టుకుని పరుగెత్తాను. ముందు మా అమ్మ దగ్గరికే.

"శుక్రోరం పూట పులుపు గుమ్మం దాటిస్తే లచ్చిమి ఎల్లిపోద్దిరా. రేపు రా," అంది.

గేట్ బజార్లో మేనత్త కూడా అదే మాటంది, కాకపోతే మంచినీళ్లిచ్చి అంది. ఎదురింటి ఒడియా అవ్వకి శుక్రవారం పట్టింపు లేదు. వాళ్ల తరవాణి, అదే తొరాణి, మాత్రం మధ్యాహ్నమే అందరూ తాగేశారని నవ్వుతూ ఖాళీ కుండ చూపించింది. ఆ సాయంత్రం అరడజను గుమ్మాల ముందు చెంబు చాచి నిలబడ్డాను. ఎవరూ తిట్టలేదు. పైనుంచి కింద దాకా చూశారు, అంతే. నేను గోళ్లు చూసేటప్పుడు సరిగ్గా అలాగే చూసేవాణ్ణి.

ఖాళీ చెంబుతో తిరిగొస్తే పాక ముందు పోలమ్మ కూర్చుని ఉంది. పక్కన ఒక చిన్న కుండ, దాని మూతికి గుడ్డ కట్టి ఉంది. ఊరొదిలేటప్పుడు పిల్లల్నీ దాన్నీ ఎత్తుకొచ్చిందట.

"ఇయ్యాల శుక్రవారం కదా," అన్నాను.

"మా ఇంట్లో లచ్చిమి ఉంటే గదా ఎల్లడానికి," అంది. చెంబు చాచబోతే ఆపింది. "వరసలో రా బాబూ. గోళ్లు సూపించు."

చూపించాను. కుండ తోమిన బూడిద ఇంకా వాటిలోనే ఉంది. ఆమె చాలాసేపు చూసి, పోసింది. పోస్తూ, "మా కుండది మీ సావుకారు తాగుతాడేటి?" అని అడిగింది.

"నువ్వు చెప్పకు, నేను చెప్పను," అన్నాను. షావుకారు షరతుని అలా ఇద్దరం నిలబెట్టాం.

దానిలో గంజి కలిపి, కుండ యథాస్థానంలో పెట్టాను. మే నెల రాత్రి ఉక్క మిగతా పని చూసుకుంది. పొద్దున పిన్ని అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని రుచి చూసింది. నన్ను చూసింది. మళ్లీ రుచి చూసింది.

"పులుపు మారినాదేటి?"

"ఎండలు పిన్నీ," అన్నాను.

కూర్మయ్య గారు వడ్డనకి ముందు రోజూ ఒక గ్లాసు తాగి సత్రం శుచి పరీక్షించేవారు. ఆ రోజు తాగి కళ్లు మూసుకున్నారు. నా కాళ్లు వీధి వైపు తిరిగాయి. ఆయన కళ్లు తెరిచి, "మాణిక్యమ్మా, ఇన్నాళ్లకి సరిగ్గా కుదిరింది. ఎంతైనా మన ఇళ్ల చేతి వాటం వేరు," అని రెండో గ్లాసు అడిగారు. బంతిలో కూర్చున్న పోలమ్మ తల ఎత్తకుండా, ఉప్పు కాస్త తక్కువైందంది.

వానలు పడ్డాక సత్రం మూశారు. షావుకారు ఆ పులుపు చెంబెడు ఇంటికి పట్టుకెళ్లారు. ఆయన కూతుళ్లు అత్తవారి ఊళ్లు పర్లాకిమిడికీ చికాకోలుకీ తీసుకెళ్లారు. మా షావుకార్ల ఇళ్లలో చాలా చోట్ల ఇప్పటికీ అదే పులుస్తోంది.

నాది కాని కుండని జన్మలో కడగనని ఆ రోజే ప్రమాణం చేశాను. నా కుండల విషయంలో కూడా ఆ ప్రమాణం చెక్కుచెదరలేదని మా ఆవిడ సాక్ష్యమిస్తుంది.

పిన్నికి సంగతి తెలుసా అన్నది ఒక్కటి మాత్రం తేలలేదు. సత్రం మూసిన రోజు పిన్ని పులుపు పంచుతూ, షావుకారు చెంబు చాచి నిలబడి ఉండగా, ముందు పోలమ్మని పిలిచి ఆమె కుండ నింపింది.