ఎడమ చేతిలో సీసా

నాకు ఈత రాదు. అయినా తాండవ రిజర్వాయరులో పడవలు నడిపే క్లబ్బుకు నేనే గౌరవాధ్యక్షుణ్ణి. నర్సీపట్నం నుంచి పత్రికకు వార్తలు పంపే రోజుల్లో ఆ క్లబ్బు గురించి ఒకసారి రాశాను. ఫొటో కాస్త పెద్దదిగా పడింది. వాళ్లు ఆ రుణం ఇలా తీర్చుకున్నారు. అధ్యక్షుడి పని ఒడ్డున నిలబడి చప్పట్లు కొట్టడం. ఆ పాటి అర్హత నాకుంది.

క్లబ్బుకు ప్రాణం ఇద్దరు. ఎస్. రాయవరంలో రిటైరైన డ్రిల్లు మాస్టారు కోచ్. రెండో మనిషి నాతవరం అమ్మాయి. మిషన్ చర్చి కుటుంబం. పగలు నర్సీపట్నంలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది, ఉదయాన్నే రిజర్వాయరులో కయాక్ నడుపుతుంది. కయాక్ అంటే మనిషి నడుము పట్టేంత సన్నని, పొడవాటి పడవ. అంతకు ముందు ఏడాది ఒక పెద్ద పోటీలో నీళ్లు అందక, నీరసించి మధ్యలో ఆగిపోయింది. అప్పట్నుంచి షేర్ ఆటో ఎక్కితే చాలు, “మజ్జిలో దిగిపోయిన పిల్లవి నువ్వేనేటమ్మా?” అని ఎవరో ఒకరు అడిగేవారు.

అందుకే పోర్చుగల్‌లో కయాక్ మారథాన్ పోటీకి అవకాశం వచ్చినప్పుడు ఆమె ఒకటే మాటంది.

“పతకాలూ అవీ వద్దండి. ఆకరి దాకా ఎళ్లాలండి, అంతే.”

ఆ పోటీలో నది మీద చుట్లు తిరగాలి. ప్రతి చుట్టులో ఒకచోట ఒడ్డెక్కి, పడవ భుజాన వేసుకుని పరిగెత్తి, మళ్లీ నీళ్లలో దిగాలి. ఆ పరుగులోనే మనవాళ్లు మంచినీళ్ల సీసా అందించాలి. మాస్టారు ఇంకా ముందుకెళ్లి, వెనక ఎవరెంత దూరంలో ఉన్నారో కేకేసి చెప్పాలి. ప్రయాణమైంది ముగ్గురమే కనక సీసా నా వాటాకు వచ్చింది.

రిజర్వాయరు గట్టు మీద రిహార్సల్ వేశాం. ఆమె కుడి భుజాన పడవతో పరిగెత్తుకొచ్చింది. ఖాళీగా ఉన్నది ఎడమ చెయ్యి. నేను సీసా చాపగానే ఆగింది, పడవ నెమ్మదిగా కింద పెట్టింది, రెండు చేతులా అందుకుని “థాంక్సండీ” అంది.

మాస్టారు తల కొట్టుకున్నారు. “తీర్తం పుచ్చుకుంటన్నావేటమ్మా? ఎడం సేత్తో అందుకుని బేగి పరిగెట్టు!”

“పెద్దాయన దగ్గర ఎడం సెయ్యి ఎలా సాపుతానండి?”

“అక్కడికెళ్తే అదే వస్తుందిలెండి” అని అధ్యక్షుడి హోదాలో తేల్చేశాను.

విదేశం కదా అని స్వెట్టరు, మంకీ క్యాపు పట్టుకెళ్లాను. అక్కడ ఎండ మా ఊరి మెయిన్ రోడ్డు మీద కాసినట్టే కాసింది. స్వెట్టరు భుజాన మోయడమే మిగిలింది.

మొదటి చుట్టులో ఆమె ఒడ్డెక్కి పరిగెత్తుకొచ్చింది. ఆమెకు ఎదురుగా తిరిగి నిలబడితే దారి వైపు ఉండేది నా ఎడమ చెయ్యే. అది సగం దాకా లేచింది. చిన్నప్పుడు ఎడమ చేత్తో పప్పు వడ్డించబోతే మా అమ్మ వేసిన చరుపు గుర్తొచ్చింది కాబోలు, అక్కడే ఆగిపోయింది. సీసా కుడి చేతికి మార్చుకోబోయాను. అది చూసి ఆమె కూడా కుడి చెయ్యి ఖాళీ చేసుకోవడానికి పడవను ఎడమ భుజానికి మార్చబోయింది. ఆ గందరగోళంలో సీసా కింద పడింది.

“సారీ అండీ!” అంటూ ఆమె పరిగెత్తింది.

“పర్వాలేదమ్మా” అన్నాను, నీళ్లు దక్కనిది నాకే అయినట్టు.

రెండో చుట్టుకు ఆమె పెదవులు ఎండిపోయి కనిపించాయి. మళ్లీ అదే మర్యాద, మళ్లీ సీసా నేల మీదే. అందరికన్నా ముందున్న పడవ ఒక చుట్టు ఎక్కువ తిరిగి, వెనక నుంచి వచ్చి ఆమెను దాటితే, రూలు ప్రకారం ఆమె పోటీ నుంచి తప్పుకోవాలి. ఆ పడవ దూరంగా కనబడుతూనే ఉంది.

మాస్టారు రొప్పుతూ వచ్చారు. “ఏటండీ బాబూ, వియ్యాలోరి మర్యాదలా? పిల్ల మళ్లీ మజ్జిలో దిగిపోద్ది!”

ఎప్పుడూ పక్కన నిలబడి చూసి రాయడమే తప్ప, వార్తలో నేనొక మనిషినైంది అదే మొదలు. అయ్యీ అవగానే వార్త పాడుచేస్తున్నాను. కుడి చెయ్యి మాట వినదని తేలింది కనక దాన్ని స్వెట్టరులో చుట్టి, చంకలో బిగించాను. స్వెట్టరు తెచ్చినందుకు ఇన్నాళ్లకు ఒక ప్రయోజనం.

మూడో చుట్టులో ఆమె వచ్చింది. నా ఎడమ చేతిలో సీసా చూసి తటపటాయించింది.

“నేను ఇవ్వట్లేదమ్మా! నువ్వే లాక్కో!” అని అరిచాను.

ఇచ్చిపుచ్చుకోవడానికి మర్యాద కావాలి గానీ, లాక్కోవడానికి మా వైపు ఏ చెయ్యైనా ఒకటే. ఆమె సీసాతోబాటు నా వేలు కూడా లాక్కుపోయినంత పనైంది. ఆగకుండా తాగుతూ పరిగెత్తింది. ఆ తరవాతి చుట్లలోనూ అలాగే లాక్కుంది. ఆ ముందున్న పడవ ఆమెను అందుకోలేదు. చివరి నుంచి రెండోదిగా, గీత దాటింది. మాస్టారు కళ్లద్దాలు తీసి నా స్వెట్టరుతోనే తుడుచుకున్నారు.

ఊరికొచ్చాక నాతవరం చర్చిలో ప్రార్థన పెట్టించారు. ప్రార్థనయ్యాక ఆమె అందరికీ టీ ఇస్తూ నా దగ్గరకు వచ్చి, కప్పు ఎడమ చేత్తో చాపింది. వాళ్ల మేనత్త గుండెలు బాదుకుంది.

“ఎడం సేత్తో ఇస్తావేటే, పెద్దాయనకి!”

“ఆయనకి అలాగే అలవాటు సేసేనత్తా.”

నేనూ ఎడమ చెయ్యే చాపాను. ఈసారి కింద పడలేదు. కొంచెం టీ మాత్రం చొక్కా మీద ఒలికింది.